రసాయనశాస్త్ర పరిభాష – తెలుగు బోధన: ఒక విమర్శ

రాజపాళయ, శ్రీవిల్లిపుత్తూరుల పరిసరమున, పడమటి కనుమల చెంత నున్న మంసాపురము తెలుగు నుడికి కొత్తచోటు కాదు. ఆముక్తమాల్యద కథ జరిగిన విల్లిపుత్తూరు దానికి పొరుగూరు. ఈ సీమలో తెలుగు మాటలాడు కుటుంబములు తరతరములుగా నివసించుచున్నవి. ఇక్కడి బాలుడు ఇంట తెలుగును, వీధిని తమిళమును పలుకును. ఉన్నత తరగతులలో రసాయనశాస్త్రమును తమిళముననో ఆంగ్లముననో చదువును. 2006లో తమిళనాట తమిళ అభ్యసన శాసనము వెలువడినది మొదలు తెలుగు బడులలో తెలుగునకు దక్కు స్థానమును గూర్చి చర్చ సాగుచునే యున్నది. ఆ చర్చలో తరచుగా మరువబడు ప్రశ్న యొకటి కలదు. తెలుగు పాఠము పద్యములకును వ్యాసములకును మాత్రమే పరిమితమై, పదార్థ స్వభావమును చెప్పుట పరభాషల పని యైనచో, కొన్నాళ్లకు ఆ తెలుగు వంటయింటి భాషగా మాత్రమే మిగులదా?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటకు ముందు తెలుగు పరిభాష యొక్క గుణదోషములను నిష్పక్షపాతముగా తూచవలెను. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి పూనికతో వెలసిన విజ్ఞాన చంద్రికా మండలి తెలుగున శాస్త్రగ్రంథములకు బాట వేసినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఇంటర్మీడియట్ తరగతులకు రసాయనశాస్త్ర గ్రంథములను వెలువరించి, పరిభాషకు స్థిరత్వము కూర్చినది. ఈ కృషి గొప్పది. ఐనను, మాట స్థిరపడినంత మాత్రమున భావము స్థిరపడదు. పదము యొక్క వాచ్యార్థము ఒకటియు, శాస్త్రసూత్రము మఱియొకటియు చెప్పు చోట్లు కొన్ని కలవు. విద్యార్థి తడబడునది అచ్చటనే.

మొదట మూలకముల పేర్లు. పాత పాఠ్యగ్రంథములలో ఉదజని, నత్రజని, ఆమ్లజని అను మూడు పేర్లు కనబడును. ఉదకమును పుట్టించునది ఉదజని, ఇది సత్యము. నత్రమును, అనగా పెట్లుప్పును పుట్టించునది నత్రజని, ఇదియు సత్యమే. ఆమ్లములను పుట్టించునది ఆమ్లజని. ఇది మాత్రము అసత్యము. ఆమ్లములన్నిటికిని ఈ వాయువే మూలమని లవోయిజే తలచెను. 1787లో ప్రకటితమైన ఫ్రెంచి నామకరణ పద్ధతిలో ఆ తలంపే పేరుగా నిలిచినది. 1810లో డేవీ క్లోరిన్ ఒక మూలకమని నిరూపించుటతో, హైడ్రోక్లోరికామ్లమున ఆక్సిజన్ లేశమైనను లేదని తేలినది. కాని పేరు మారలేదు. ఆక్సిజన్ అని యథాతథముగా వ్రాయు నేటి పద్ధతి ఈ దృష్టితో మెచ్చదగినది. తెలియని మాట తెలిసిన తప్పుకంటె మేలు. ఐనను ఆమ్లజని శబ్దమును పూర్తిగా పారవేయ నక్కఱలేదు. ఒక మహాశాస్త్రజ్ఞుని పొరపాటును అది పేరులోనే మోయుచున్నది. చరిత్రపాఠముగా దానిని చెప్పవచ్చును.

రెండవది అణు పరమాణువుల చిక్కు. తెలుగున పరమాణువనగా మూలకము యొక్క కనిష్ఠకణము. అణువనగా పరమాణువుల కూడిక. తమిళమున అణు అనునదే పరమాణువునకు పేరు. కూడికకు మూలక్కూఱు అని పేరు. కావున మంసాపురపు బాలునికి ఒకే శబ్దము ఇంటిభాషలో ఒక పదార్థమును, బడిభాషలో మఱియొక పదార్థమును సూచించును. ఇంతలో తెలుగువారే అణుబాంబు, అణుశక్తి అనునప్పుడు పరమాణు కేంద్రక శక్తినే ఉద్దేశింతురు. అనగా తెలుగు పత్రిక తెలుగు పాఠ్యగ్రంథముతో ఏకీభవించుట లేదు. ఇది చిన్న లోపమని త్రోసివేయరాదు. డాల్టన్ 1808లో పరమాణువాదమును గ్రంథరూపమున ప్రకటించెను. 1811లో అవొగాడ్రో అణువును పరమాణువును వేఱుపఱచెను. ఆ వివేచనము పండితలోకమున నాటుకొనుటకు 1860లో కానిజారో వాదించువఱకు అర్ధశతాబ్ది పట్టినది. పండితులకే అంతకాలము పట్టిన భేదమును పదసామ్యము బాలునికి చెఱపివేయగలదు. పైగా పరమ శబ్దము అంతిమత్వమును చెప్పును. 1897లో థామ్సన్ ఎలక్ట్రానును, 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకమును చూపిన పిమ్మట పరమాణువు అంతిమము కాదు. రసాయన చర్యలో చీలనిది అను పరిమితార్థముననే ఆ పేరు చెల్లును.

మూడవది సమతాస్థితి. ఈ మాట వినగానే కదలక నిలిచిన త్రాసుముల్లు స్ఫురించును. రసాయనశాస్త్రపు సమతాస్థితి నిశ్చలత కాదు. ఎదురెదురుగా నడచు రెండు చర్యల వేగములు సమానమగుట. దీనికి సున్నపుబట్టీకంటె మంచి యుదాహరణము లేదు. శుద్ధమైన సున్నపురాయి 100 గ్రాములు కాలినచో 56 గ్రాముల సున్నమును, 44 గ్రాముల బొగ్గుపులుసు వాయువును వచ్చును. ఆ 56 గ్రాములకు 18 గ్రాముల నీరు కలిసినచో 74 గ్రాముల తడిసున్న మగును. ద్రవ్యనిత్యత్వ నియమమును, మోల్ భావనయు ఈ మూడు లెక్కలలోనే యిమిడి యున్నవి. బట్టీ తెఱచి యున్నందున వాయువు పైకి పోవును. కావున చర్య ముగియువఱకు సాగును. అదే రాతిని మూసిన పాత్రలో కాల్చినచో, వాయువు మరల సున్నముతో కలిసి రాయి యగుచుండును. ఒక ఉష్ణోగ్రత వద్ద పోవునదియు వచ్చునదియు సరిసమాన మగును. పైకి మార్పు కనబడకున్నను లోపల చర్య ఆగదు. 1884లో లెషాట్లియే చెప్పిన నియమము బట్టీ పొగగొట్టమునందే కలదు: వాయువును తీసివేసిన కొలది చర్య సున్నము వైపు జరుగును. రాజపాళయమునకు చెందిన రామసామిరాజావారి పేర విరుదునగర సమీపమున నెలకొన్న సిమెంటు కర్మాగారమునందును తొలిమెట్టు ఈ చర్యయే. ఇంట గోడకు పూసిన సున్నము గాలిలోని వాయువును గ్రహించి మరల రాయి యగుట దీనికి తిరుగుబాట. పాఠ్యగ్రంథములు "గతిక" అను విశేషణమును చేర్చి ఈ లోపమును పూరించుచున్నవి. ఆ విశేషణమును విడిచి సమతాస్థితిని బోధింపరాదు.

నాలుగవది క్షయకరణము. ఆక్సీకరణమనగా ఎలక్ట్రానులను కోల్పోవుట, క్షయకరణమనగా వానిని పొందుట అని నేటి నిర్వచనము. పొందుటకు క్షయమని పేరేల అని విద్యార్థి అడుగును. ఆ ప్రశ్న న్యాయమైనది. ఖనిజము లోహముగా మారునప్పుడు ఆక్సిజన్ తొలగి బరువు తగ్గుటచే పూర్వము ఆ పేరు పుట్టినది. నేడు తగ్గునది ఆక్సీకరణ సంఖ్య. శివకాశి అగ్గిపుల్లనే గైకొనవచ్చును. పుల్లకొనన పొటాసియం క్లోరేటును, పెట్టెప్రక్కన ఎఱ్ఱభాస్వరమును ఉండును. గీసినప్పుడు భాస్వరము ఆక్సీకరణము నొందును. క్లోరేటులోని క్లోరిన్ యొక్క సంఖ్య +5 నుండి −1కి దిగును. ఆఱు ఎలక్ట్రానులు చేరినవి, సంఖ్య ఆఱు తగ్గినది. ఏది తగ్గినదో చెప్పినచో క్షయకరణ శబ్దము తప్పు కాదు. చెప్పనిచో అది వట్టి కంఠపాఠము.

పొరుగుభాష మేలైన చోట ఒప్పుకొనుట విమర్శకునకు ధర్మము. ఉత్ప్రేరకమనగా పురికొల్పునది, జరుగని చర్యను జరిపించునదను భ్రాంతి దానిలో కలదు. తమిళమున వినైవేగమాట్రి, అనగా చర్యావేగమును మార్చునది, సూత్రమునకు మిక్కిలి దగ్గఱ. అమోనియా తయారీలో ఇనుము రెండు దిక్కుల చర్యలను సమముగా త్వరపఱచును. సమతాస్థితి స్థానమును కదల్పజాలదు. అట్లే తెలుగున వెన్నయు కరగును, ఉప్పును కరగును. తమిళమున వేడికి ఉరుగుట వేఱు, నీట కరైయుట వేఱు. ఒకే పదార్థపు స్థితి మారుటకును, రెండు పదార్థములు కలిసి ద్రావణ మగుటకును గల భేదమును తమిళ క్రియలు ముందే చెప్పుచున్నవి. మఱి తమిళమున క్షారమునకు కారమని పేరు. ఆ మాట తెలుగింట మిరపపొడి. శబ్దమూలము క్షారమే యైనను, మిరప ఘాటు క్షారత్వము వలన కాక క్యాప్సైసిన్ అను పదార్థము వలన కలుగును.

ఇన్ని చెప్పుట పరిభాషను మార్చివేయుమని కాదు. పదములను మాటిమాటికి మార్చినచో పాతగ్రంథములు మూగవోవును. పదము పుట్టిన కాలమును, అది నేడు మోయు భావమును, ఇరుగుభాషలో దానికి గల అర్థమును మూడింటిని పోల్చి చెప్పు చిన్న పదకోశ మొకటి సరిహద్దు తెలుగు బడులకు కావలెను. అది రసాయన బోధకుడొక్కడు చేయు పని కాదు. తెలుగు బోధకుని తోడు కావలెను. మోల్ నిర్వచనము 2019లో మారినది, 6.02214076 × 10²³ కణముల పదార్థమే మోల్ అని స్థిరపడినది. శాస్త్రము తన నిర్వచనములను తానే సరిదిద్దుకొనుచుండగా, భాషాబోధకుడు వానిని వినకుండుట తగదు. మంసాపురమున ఒక బాలిక సున్నపుతేటలోనికి ఊది, అది పాలవలె తెల్లబడుటను చూచి, జరిగినదేమో తన తల్లికి తెలుగున చెప్పగలిగిననాడే అక్కడి తెలుగు చదువు సార్థక మగును.