కుళ్లిన ఇంగ్లిష్ ఎవరిది?

ఇంగ్లిష్ ప్రపంచ భాష అంటారు. ఎవరి ఇంగ్లిష్ అని అడిగేవాళ్లు తక్కువ. లండన్‌లో ఒకటి, జమైకాలో ఒకటి, సింగపూర్‌లో ఒకటి, లాగోస్‌లో ఒకటి. సరుకుల ఓడలూ బానిసల ఓడలూ వలస పాలనా మిషన్ బడులూ మోసుకుపోయిన భాష, దిగిన ప్రతి రేవులోనూ వేరే నోరు తెచ్చుకుంది.

1985లో బ్రజ్ కాచ్రూ అనే కాశ్మీరీ భాషాశాస్త్రవేత్త ఈ ఇంగ్లిష్‌లను మూడు వలయాలుగా చూపాడు. బ్రిటన్, అమెరికా లాంటివి లోపలి వలయం. వలస పాలనతో ఇంగ్లిష్ పాతుకుపోయిన మన దేశం, నైజీరియా లాంటివి బయటి వలయం. పరాయి భాషగా నేర్చుకునే చైనా, జపాన్ లాంటివి విస్తరిస్తున్న వలయం. బయటి వలయం వాళ్లు మాట్లాడేవి తప్పులు కావు, వాళ్ల పద్ధతులు అని ఆయన వాదన. దాన్ని మేం గౌరవిస్తాం. కానీ వలయాలు దేశాలను చూపిస్తాయి, దేశం లోపలి మెట్లను చూపించవు.

ఆ మెట్లను చూపించిన నవల అదే 1985లో నైజీరియాలో వచ్చింది. కెన్ సారో-వివా రాసిన 'సోజాబాయ్'. సోల్జర్ బాయ్ అన్న మాట అక్కడి నాలుక మీద అలా అయింది. 'కుళ్లిన ఇంగ్లిష్‌లో ఒక నవల' అని రచయితే అట్ట మీద వేసుకున్నాడు. ఇబాదాన్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ చదివినవాడు, రాక రాసింది కాదు. పిజిన్, విరిగిన ఇంగ్లిష్, మధ్యమధ్య బడి ఇంగ్లిష్ కలిపి డుకానా అనే ఊరి లారీ అప్రెంటిస్ మేనే చేత కథ చెప్పించాడు.

1967లో మొదలై 1970లో ముగిసిన బియాఫ్రా యుద్ధం ఈ కథకు నేపథ్యం. మేనే యూనిఫాం మోజులో సైన్యంలో చేరతాడు. అధికారి పెద్ద పెద్ద ఇంగ్లిష్ మాటలు దొర్లిస్తుంటే సగం అర్థం కాదు, అయినా మురిసిపోతాడు. అర్థం కాని ఆ మాటల కోసమే చావుకు ఎదురు వెళతాడు. మన్‌మస్‌వాక్ అనే సైనికుడు ఒకసారి ఈ పక్షాన, ఒకసారి ఆ పక్షాన కనిపిస్తాడు. పిజిన్‌లో ఆ పేరుకు అర్థం మనిషన్నాక తినాలి కదా అని. చివరికి మేనే ఊరొస్తే తల్లీ భార్యా బాంబుకు పోయారు. ఊరివాళ్లు అతన్నే దయ్యమంటారు.

సారో-వివా ఒగోని. నైజీరియాలో హౌసా, యొరుబా, ఇగ్బో పెద్ద జాతులు, ఒగోనిలు చిన్న తెగ. ఆఫ్రికా రచయిత ఇంగ్లిష్ వదిలి తల్లి భాషకు రావాలని కెన్యా రచయిత గుగి వా థియోంగో 1986లో పుస్తకమే రాశాడు. సారో-వివా ఒప్పుకోలేదు. ఇంగ్లిష్ పోతే ఆ కుర్చీలో కూర్చునేది తన భాష కాదు, పెద్ద జాతి భాష అని అతని భయం.

ఈ భయం మాకు తెలుసు. మా ఇళ్లలో మాట్లాడే ఉర్దూని చదువుకున్న ఉర్దూవాళ్లు ఉర్దూ కాదంటారు. మా తెలుగుని తురక తెలుగంటారు, సినిమాల్లో నవ్వించడానికి వాడుకుంటారు. అమ్మీతో ఒక భాష, బడిలో ఒకటి, నమాజులో ఒకటి. తల్లి భాషకు రండి అని ఎవరైనా పిలిస్తే, ఏ తల్లి గురించి అంటున్నారని మేమూ అడగాల్సి వస్తుంది.

అయినా సారో-వివా వాదనను మేం పూర్తిగా ఒప్పుకోం. ఇంగ్లిష్ ఎవరి పక్షమూ కాని భాష అయితే, మేనేని ముంచిన ఆ పెద్ద మాటలు ఏ భాషవి? కలెక్టర్ ఇంగ్లిష్, క్లీనర్ ఇంగ్లిష్ ఒక్కటి కావు. రచయిత వాదనలో దాటేసిన నిజాన్ని అతని నవలే చెప్పింది. అందుకే ఆ నవల ఆ వాదన కన్నా గొప్పది.

తన నేలలో చమురు తవ్వకాలు చేస్తున్న విధ్వంసం మీద సారో-వివా పోరాడాడు. 1995 నవంబర్ 10న సైనిక ప్రభుత్వం అతన్నీ మరో ఎనిమిది మంది ఒగోనిలనూ ఉరి తీసింది. ఆ శిక్ష వేసిన ప్రత్యేక ట్రిబ్యునల్‌ది కుళ్లిన ఇంగ్లిష్ కాదు. వ్యాకరణం తప్పని మంచి ఇంగ్లిష్.