'రాదు' అనే ముందు

సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన కేంద్ర సంస్థకు అప్పటి పేరు జాతీయ మానసిక వికలాంగుల సంస్థ. ఇప్పుడది మేధో వైకల్యం ఉన్నవారి సాధికారత సంస్థ. 1995 వికలాంగుల చట్టంలోని 'మెంటల్ రిటార్డేషన్' కూడా 2016 చట్టం వచ్చేసరికి పోయింది. మంచిదే. కానీ మంచి మాటతో చూపు మారుతుందనే వాళ్లకు నేను చూపించేది ఆ బోర్డు కాదు, అదే సంస్థ నుంచి 1992లో రీటా పెషావరియా, వెంకటేశన్ తెచ్చిన 'బేసిక్-ఎంఆర్' అనే పట్టిక. మేధో వైకల్యం ఉన్న పిల్లలు ఏ పని ఎంతవరకు చేయగలరో చూసేందుకు వాడేది. దాని పేరులో పాత మాటే ఉంది. లోపల నైపుణ్యాలను చూసే భాగంలో మాత్రం 280 అంశాలున్నాయి, దేనికీ వచ్చు, రాదు అని గీత గీసి ఊరుకోవడానికి వీల్లేదు. పిల్లాడు సొంతంగా చేస్తాడా, చిన్న సూచన ఇస్తే చేస్తాడా, నోటితో చెబుతుంటే చేస్తాడా, చేయి పట్టి చేయించాలా, పూర్తిగా మనమే చేయాలా అన్నది తేల్చి రాయాలి.

చొక్కా గుండీలే తీసుకోండి. 'పెట్టుకోవడం రాదు' అంటే ఇవాళ అమ్మ పెడుతుంది, రేపూ అమ్మే పెడుతుంది. 'చేయి పట్టి చేయిస్తే పెట్టుకుంటాడు' అంటే రేపటి పని తెలిసిపోతుంది: మెల్లగా చేయి వదలాలి, నోటి మాటతో సరిపెట్టాలి. ఈ రెండోది తియ్యటి మాటేం కాదు, మొదటిదానికంటే కచ్చితమైన మాట. ఆశ అక్కడ పుడుతుంది గానీ 'అంతా బాగుంటుందిలే'లో కాదు. (బియ్యం అయిపోతే నిండుకున్నాయంటాం. మర్యాదే, డబ్బా మాత్రం నిండదు.) పైగా 'పూర్తిగా మనమే చేయాలి' అనే గడి కూడా ఆ పట్టికలో ఉంది. చేదు నిజాన్ని దాచడం లేదు.

మాట మార్చి ఏం లాభం, రేపు అదీ తిట్టే అవుతుందిగా అంటారు. నిజమే, ఇంగ్లీషులో 'ఇడియట్', 'మోరాన్' ఒకప్పుడు వైద్యుల పరిభాషే. 2015 డిసెంబరులో ప్రధాని 'దివ్యాంగ్' అన్నప్పుడు హక్కుల సంఘాలే అభ్యంతరం చెప్పాయి. నాకూ వాళ్ల మాటే సబబనిపిస్తుంది. అయితే ఈ తెగులు పట్టేది మనుషులకు పెట్టే పేర్లకే, చేసే పనిని చెప్పే వాక్యాలకు కాదు. 'నోటితో చెబుతుంటే చేస్తాడు' అని ఎవర్నయినా తిట్టి చూడండి, కుదరదు.

ఇది ఆ పిల్లల ఇళ్లకే పరిమితమూ కాదు. పేరెంట్స్ మీటింగ్‌లో కొడుకు పక్కనుండగానే 'మావాడికి లెక్కలు రావండీ' అనేస్తాం. 'భాగహారంలో శేషం దగ్గర తడబడుతున్నాడు' అంటే సారు కూడా 'శ్రద్ధ లేదండీ' అని తప్పించుకోలేడు, నోటుబుక్కు తెరిచి చూడాల్సి వస్తుంది.