దిగంబర కవులు: కలయిక, చీలిక

దిగంబర కవుల గురించి అడిగితే ఆరు పేర్లు, మూడు సంపుటాలు రాసి ఊరుకునే విద్యార్థులే ఎక్కువ. ఆ బృందం ఐదేళ్లకే ఎందుకు విడిపోయిందో ఆలోచిస్తే వారి కవిత్వం మరింత బాగా అర్థమవుతుంది.

మానేపల్లి హృషీకేశవరావు నగ్నముని అయ్యారు. యాదవరెడ్డి నిఖిలేశ్వర్‌గా, రాఘవాచార్యులు జ్వాలాముఖిగా, భాస్కరరెడ్డి చెరబండరాజుగా మారారు. భైరవయ్య, మహాస్వప్న కూడా పెట్టుకున్న పేర్లే. కులాన్ని పట్టిచ్చే పేరును వదిలేయడమే వారి మొదటి కవిత అని నా అభిప్రాయం. 1969లో ఇంగ్లండులో ఎరిక్ క్లాప్టన్, స్టీవ్ విన్‌వుడ్ వంటి ప్రసిద్ధ సంగీతకారులు 'బ్లైండ్ ఫెయిత్' అనే రాక్ బృందం కట్టి, ఒక్క ఆల్బమ్‌తో ఆ ఏడాదే విడిపోయారు. అక్కడ ఉన్న కీర్తులన్నీ ఒకచోట చేరాయి. ఇక్కడ ఉన్న పేర్లనే చెరిపేసుకున్నారు.

మొదటి సంపుటిని 1965 మేలో హైదరాబాదులో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. రెండోది 1966 డిసెంబరులో, మా రెడ్డిగూడేనికి దగ్గరి పట్నమైన విజయవాడలో, ఒక హోటలు కార్మికుడి చేతుల మీదుగా వెలువడింది. మూడోది 1968 సెప్టెంబరులో విశాఖపట్నంలో ఒక యాచకురాలి చేతుల మీదుగా వచ్చింది. ఇదంతా ప్రచారం కోసమేనని ఎగతాళి చేసినవారున్నారు. కొంత ప్రచారం ఉన్నమాట నిజమే. కానీ పుస్తకావిష్కరణ అంటే శాలువాలూ పెద్దల ప్రసంగాలూ అనుకునే రోజుల్లో ఆ పని ఒక విమర్శ కూడా.

ఇక చీలిక సంగతి. మొదటి సంపుటిలో కోపం అన్నిటి మీదా ఉంది: దేవుడి మీద, రాజకీయాల మీద, పెద్దమనిషి తరహా మీద, సాటి కవుల మీద. అన్నిటినీ కొట్టేటప్పుడు ఆరుగురికీ ఏకాభిప్రాయం అవసరం లేదు. 1967 నక్సల్బరీ, ఆ వెంటనే శ్రీకాకుళం పోరాటం వచ్చాక "శత్రువెవరు?" అన్న ప్రశ్న తప్పలేదు. దానికి ఆరుగురి దగ్గరా ఒకే జవాబు లేదు. 1970 జులై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడినప్పుడు నలుగురు అటు వెళ్లారు. భైరవయ్య, మహాస్వప్న వెళ్లలేదు. విరసమే వారిని చీల్చిందనడం సరికాదు. లోపల ఉన్న పగులును అది బయటపెట్టింది.

ఈ కవిత్వంలో ఒక లోపాన్ని దాచకూడదు. సమాజపు కుళ్లును చెప్పడానికి వారు స్త్రీ శరీరాన్ని మరీ చవకగా ఉపమానం చేశారు. అందరినీ తిట్టినవారు ఈ ఒక్క పాత అలవాటును మాత్రం వదలలేదు.

నగ్నముని 'కొయ్యగుర్రం' చదివితే తేడా తెలుస్తుంది. 1977 దివిసీమ ఉప్పెన మీద రాసిన ఆ దీర్ఘకవితలో కోపం తగ్గలేదు, కానీ దానికి ఒక చిరునామా దొరికింది. మొదటి సంపుటిలోని ఆయన కవితలను దాని పక్కన పెట్టి చదవండి.