లెక్క సరే, చెవి ఏమంటుంది?

ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్సులో మొదటి పాఠం తరంగాలు. ఆ పాఠం చదివినవాళ్లలో రైలు లెక్క చెయ్యనివాళ్లుండరు. స్టేషన్ బయట సిగ్నల్ దగ్గర ఆగిన రైలు 400 హెర్ట్జ్ పౌనఃపున్యంతో కూత వేస్తుంది. అదే రైలు సెకనుకు 10 మీటర్ల వేగంతో ప్లాట్‌ఫారం వైపు వస్తుంటే అక్కడ నిలబడ్డ మనిషికి ఎంత పౌనఃపున్యం వినిపిస్తుంది, దాటిపోతుంటే ఎంత? ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లని లెక్కలోనే ఇస్తారు. ఉప్పల్, హబ్సిగూడ, నాచారం సందుల్లోని ఏ ట్యూషన్ సెంటర్లో అడిగినా రెండు నిమిషాల్లో జవాబు వచ్చేస్తుంది: 412, 389. దాని కింద రెండు గీతలు కొట్టి తర్వాతి లెక్కకు వెళ్లిపోతారు. నా పేచీ ఆ రెండు గీతల దగ్గరే. 412ని 389తో భాగించి చూడండి, 1.06 వస్తుంది. హార్మోనియం మీద ఒక మెట్టు నుంచి దాని పక్క మెట్టుకు వేలు జరిపితే మారే నిష్పత్తి కూడా దాదాపు అంతే. అంటే వచ్చే రైలు కూతకూ పోయే రైలు కూతకూ మధ్య తేడా దాదాపు ఒక స్వరస్థానం. సరళీవరసల దగ్గర ఆగిపోయిన పిల్ల కూడా ఈ తేడాను పట్టేస్తుంది. లెక్క చేసిన పిల్లవాడికి మాత్రం అది వినిపించే తేడానో కాదో తెలియదు, ఎవరూ అడగలేదు కాబట్టి. ఎలక్ట్రాన్ మీద లెక్క చేసినప్పుడు జవాబును నమ్మడం తప్ప గతిలేదు. ధ్వనికి అలా కాదు, కొలిచే పరికరాన్ని విద్యార్థి వెంటబెట్టుకునే వస్తాడు. అందుకే ధ్వని లెక్క జవాబు రాగానే అయిపోదంటాను. ఆ జవాబును కాదనగల చెవి ముందు పెట్టాకే అది అయిపోయినట్టు.

పెడితే ఏం బయటపడుతుందో చూద్దాం. రైలు లెక్క రెండు అంకెలు చెప్పి ఊరుకుంటుంది. దాంతో పిల్లల మనసులో పడే బొమ్మ ఏమిటంటే, రైలు దగ్గరికొచ్చే కొద్దీ కూత పైస్థాయికి ఎక్కుతూ పోయి, దాటగానే దిగుతుందని. ఇది తప్పు. పట్టాల మధ్య నిలబడితే తప్ప (అలా నిలబడినవాడికి రెండో అంకె అక్కర్లేదు) మనం ఎప్పుడూ దారికి కాస్త పక్కనే ఉంటాం. అప్పుడు మనవైపు వచ్చే వేగం మొత్తం వేగంలో ఒక భాగమే. బండి సమీపించే కొద్దీ ఆ భాగం తగ్గుతూ, ఎదురుగా వచ్చినప్పుడు సున్నా అయి, ఆ తర్వాత దూరమయ్యే వేగంగా మారుతుంది. కాబట్టి స్థాయి మొదటి నుంచీ దిగుతూనే ఉంటుంది, ఎక్కేది గట్టితనం ఒక్కటే. ఉప్పల్ మీదుగా వరంగల్ వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి పక్కన నిలబడి, హారన్ నొక్కిపట్టి పోయే లారీ ఒక్కటి వింటే ఇది తేలిపోతుంది. పుస్తకాల్లో బొమ్మగా వేసే అంబులెన్స్ దీనికి పనికిరాదు. దాని సైరన్ నిలబడ్డచోటే పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి ఏది సైరన్ ఊపో ఏది బండి కదలిక వల్ల స్థాయి మారే డాప్లర్ ఫలితమో చెవి విడదీయలేదు. ఒకే స్వరంలో సాగే హారన్ కావాలి. 1842లో డాప్లర్ ఈ సంగతి ప్రతిపాదించినప్పుడు, దాన్ని పరీక్షించాలనుకున్న బైస్ బల్లో అనే డచ్ శాస్త్రవేత్త 1845లో యూట్రెక్ట్ దగ్గర చేసిన పని కూడా ఇదే. రైలు మీద బాకా వాద్యగాళ్లను ఎక్కించి ఒకే స్వరం పట్టించాడు, స్వరజ్ఞానం ఉన్న సంగీతకారులను పట్టాల పక్కన నిలబెట్టాడు. పరికరాలు లేని ఆ రోజుల్లో తీర్పు చెప్పింది చెవులే. మన పుస్తకంలోని రైలు లెక్క ఆ ప్రయోగం వారసురాలే, కాకపోతే వినేవాళ్లను తీసేసి అంకెలను మిగుల్చుకున్నాం.

లెక్కను తిరగేస్తే ఇంకా బాగుంటుంది. ధ్వని వేగం 350 అనుకుని, బండి దాటినప్పుడు హారన్ ఒక స్వరస్థానం దిగిందంటే వేగం ఎంతని అడిగితే, సెకనుకు 10 మీటర్లు, అంటే గంటకు 36 కిలోమీటర్లు అని వస్తుంది. రెండు స్థానాలు దిగితే 73. మూడు దిగితే 109. స్వరస్థానానికి 36 చొప్పున లెక్కేసుకోవచ్చన్నమాట. పోలీసు చేతిలోని స్పీడ్ గన్ పనికి చెవి ఇంత దగ్గరగా వస్తుందని ఏ గైడులోనూ చూడం. సాయంత్రం ఉప్పల్ రింగ్ దగ్గర మాత్రం ఈ సూత్రం పనిచేయదు. అక్కడ హారన్‌కు కొదవ లేదు గానీ వేగమే ఉండదు. ఘట్‌కేసర్ వైపు పోవాలి.

ఇక ఆ 340 సంగతి. లెక్కలో ‘ఇచ్చినది’ అన్నచోట ఉండే అంకెను ఎవరూ తేరిపార చూడరు. గాలిలో ధ్వని వేగం సున్నా డిగ్రీల దగ్గర సుమారు 331, 15 డిగ్రీల దగ్గర 340, 40 డిగ్రీల దగ్గర 355. అంటే 340 హైదరాబాద్‌లో జనవరి తెల్లవారుజాముది. మే మధ్యాహ్నం అదే అంకె వాడితే నాలుగు శాతం తప్పు. సముద్రమట్టానికి అర కిలోమీటరు ఎత్తున ఉన్నాం కదా, గాలి పలచన కదా అంటే, పీడనం తగ్గినంతా సాంద్రతా తగ్గుతుంది, ఆ రెండూ కొట్టేసుకుంటాయి, తేడా అంతా ఉష్ణోగ్రతదే. నాలుగు శాతానికి ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. ల్యాబ్‌లో అనునాద గొట్టం దగ్గరికి రండి. 512 హెర్ట్జ్ శృతిదండం పట్టుకుంటే, మొదటి అనునాదానికీ రెండో అనునాదానికీ మధ్య గాలి స్తంభం పొడవు తేడా 340 లెక్కన 33.2 సెంటీమీటర్లు. 30 డిగ్రీల గదిలో నిజంగా రావలసింది 34.1. తొమ్మిది మిల్లీమీటర్లు స్కేలు మీద కంటికి కనిపించే దూరం. ఎండ ముదిరిన మార్చిలో 33.2 అని రాసి ఉన్న రికార్డును చూస్తే, ఆ అంకె గొట్టం దగ్గర పుట్టిందా, జవాబు నుంచి వెనక్కి నడిచి వచ్చిందా అని అనుమానించక తప్పదు.

వెనక్కి నడవడం పిల్లలతో మొదలైన అలవాటు కాదు. న్యూటన్ అంతటివాడు చేశాడు. ధ్వని పోయేటప్పుడు గాలి ఉష్ణోగ్రత మారదని అనుకుని ఆయన కట్టిన సూత్రంలో నేటి విలువలు వేస్తే వేగం 280 వస్తుంది. కొలిస్తే 331. ఆరో వంతు తక్కువ. విలియం డెర్హమ్ అనే మతాచార్యుడు ఇంగ్లండ్‌లోని అప్‌మిన్‌స్టర్ చర్చి గోపురం ఎక్కి, దూరంగా పేల్చిన తుపాకుల మెరుపుకూ మోతకూ మధ్య సమయం లెక్కపెట్టి, సెకనుకు 1,142 అడుగులని తేల్చాడు. 1713లో ప్రిన్సిపియా రెండో ముద్రణలో న్యూటన్ తన 979 అడుగుల నుంచి మొదలుపెట్టి, గాలి కణాలు కొంత చోటు ఆక్రమిస్తాయనీ, గాలిలోని ఆవిరికి ధ్వనితో పనిలేదనీ దిద్దుబాట్లు చేర్చుకుంటూ పోయి సరిగ్గా 1,142 దగ్గర ఆగాడు. అసలు కారణం 1816లో లాప్లాస్ చెప్పాడు: సంపీడనాల్లో పుట్టిన వేడికి బయటికి పోయే వ్యవధి ఉండదు. 1.4కి వర్గమూలం తీసి 280ని దానితో గుణిస్తే 331. మన సిలబస్‌లో ‘న్యూటన్ సూత్రం, లాప్లాస్ సవరణ’ అని మార్కుల ప్రశ్నగా నలిగిపోయిన ఈ కథలో నాకు ముఖ్యమనిపించేది సవరణ కాదు. కొలత ఒప్పుకోలేదు కాబట్టే ఒక ఊహ తప్పని తెలిసింది. జవాబును కాదనేది ఏదీ లేకపోయి ఉంటే 280 తోనే శతాబ్దాలు గడిచేవి.

నా ఈ వాదనకు భౌతికశాస్త్రం చెప్పేవాళ్లు ఒక మాట అంటారు, అది తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. గాలి కదలదనుకో, ఘర్షణ లేదనుకో అని విడగొట్టుకోకపోతే శాస్త్రం ఒక్క అడుగూ వేయలేదు, అసలు లోకం గజిబిజిని పదహారేళ్ల పిల్లవాడి నెత్తిన పెడితే ఉన్నదీ పోతుంది అని. ఊహలు వద్దని నేనూ అనను. ఊహను ‘ఇచ్చినది’ కింద దాచిపెట్టడం వద్దంటున్నాను. 340 అని ఇచ్చే బదులు ‘ఏప్రిల్ సాయంత్రం, 33 డిగ్రీలు’ అని ఇస్తే పెరిగేది ఒక్క మెట్టు. ఉదాహరణకు, ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ జరుగుతోంది, కిలోమీటరు దూరంలో ఉన్న ఇంట్లో టీవీ నడుస్తోంది, వికెట్ పడిన సంగతి ఆ ఇంటికి ముందు మోసుకొచ్చేది కేకా, టీవీయా? 33 డిగ్రీల గాలిలో కేకకు పట్టేది 2.85 సెకన్లు. కాంతి వేగంతో వచ్చే టీవీ ముందుండాలని తోస్తుంది. కానీ ఆ దృశ్యం 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం దాకా ఎక్కి దిగడానికే పావు సెకను పోతుంది, దాన్ని కుదించి మళ్లీ విప్పడానికి ఇంకొన్ని సెకన్లు. మొత్తం ఐదు సెకన్ల ఆలస్యమనుకుంటే 1,755 మీటర్ల లోపు ఇళ్లన్నిటికీ కేకదే గెలుపు. ఫోన్లో చూసేవాడి పరిస్థితి ఇంకా అన్యాయం. అంతేకాదు, కేక చప్పట్ల దెబ్బలా తెగినట్టు రాదు, ఉప్పెనలా ఉబ్బుతుంది. స్టేడియం ఆ చివరి గ్యాలరీ గొంతు ఈ చివరి గొంతు కంటే రెండు వందల మీటర్లు ఎక్కువ నడవాలి, అంటే అర సెకను పైన. పైగా అందరూ ఒకే క్షణంలో అరవరు. ఇక 40 వేల మంది ఒక్కసారి అరిస్తే ఒక్కడి అరుపు కంటే ఎన్ని డెసిబెల్‌లు ఎక్కువ? 46. డెసిబెల్ లాగరిథమ్ కొలమానమని ఇంతకంటే సూటిగా చెప్పే లెక్క నాకు తెలియదు.

ఊరి పేరు తగిలిస్తే లెక్క మెరుగవుతుందా, ‘ఒక రైలు’ తీసి ‘మౌలాలి గూడ్సు’ అని రాస్తే సరిపోతుందా అంటారు. సరిపోదు. అది గోడకు సున్నం వేయడమే. పేరు మారినా పిల్లవాడు చేసేది అదే ప్రతిక్షేపణ. పరీక్ష పేరుతో వచ్చే అభ్యంతరం ఇంతకంటే బలమైనది. ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో మూడు గంటల్లో 160 ప్రశ్నలు, ప్రశ్నకు 67 సెకన్లు. అందులో చెవికి వాటా ఎక్కడ? నిజమే, పరీక్ష హాల్లో లేదు. కానీ బయట చెవికి అలవాటైనవాడు అక్కడ అంచనాతో మొదలుపెడతాడు. రైలు వేగం ధ్వని వేగంలో మూడు శాతం, కాబట్టి 400లో మార్పు పన్నెండుకు అటూఇటూ. వస్తోంది కాబట్టి ఎక్కువ. ఆప్షన్లలో 412 ఉంటే పది సెకన్లలో పని అయిపోతుంది, లవంలో కూడాలా హారంలో తీయాలా అన్న బెంగ కూడా ఉండదు. సూత్రం బట్టీపట్టినవాడు తడబడేది ఆ గుర్తుల దగ్గరే.

చెవికి నేను లేనిపోని అధికారం కట్టబెడుతున్నానని కూడా అనవచ్చు. స్థాయినీ, ఎడాన్నీ చెవి బాగా పట్టుకుంటుంది. గట్టితనం విషయంలో దాన్ని నమ్మలేం. తీవ్రత పదింతలైతే రెండింతలైనట్టు చెబుతుంది. నాచారం పారిశ్రామికవాడ లెక్క ఇక్కడ పనికొస్తుంది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా పారిశ్రామిక ప్రాంతంలో 70 డెసిబెల్‌ల దాకా ఒప్పుకుంటారు, నివాస ప్రాంతంలో 45. యంత్రానికి పది మీటర్ల దగ్గర 70 ఉంటే 45కి దిగడానికి ఎంత దూరం కావాలి? దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్‌లు తగ్గుతాయి కాబట్టి, 25 తగ్గాలంటే దూరం 18 రెట్లు, దాదాపు 178 మీటర్లు కావాలి. నాచారంలో షెడ్డుకూ కాలనీకీ మధ్య ఒక్క రోడ్డే ఉన్న చోట్లున్నాయి. రెండు పక్కలా చట్టం అమలు కావాలంటే 178 మీటర్లు చేయాల్సిన పనిని ఒక గోడ చేయాలి. గోడ ఎంత ఆపుతుంది, రేకుల కప్పు మొత్తం మోగుతుంటే దాన్ని బిందువు అనుకోవచ్చా, రాత్రి నేల దగ్గర గాలి చల్లబడి పైన వెచ్చగా ఉన్నప్పుడు ధ్వని కిందికి వంగి ఇంకా దూరం పోతుంది కదా, ఇవన్నీ ఆ తర్వాతి ప్రశ్నలు. వీటికి చెవి చాలదు, మీటరు కావాలి. ఫోన్లలో ఉచితంగా దొరికే ఫైఫాక్స్ లాంటి యాప్ మైకును కొలమానంగా మారుస్తుంది. క్రమాంకనం చేయని ఫోను చూపే అసలు అంకెను నమ్మకూడదు గానీ, అదే ఫోనుతో రెండు చోట్ల తీసిన తేడాను చాలావరకు నమ్మవచ్చు. ఆరు తగ్గాల్సిన చోట మూడే తగ్గితే ఆ మూలం బిందువు కాదని అదే చెబుతుంది.

చెవికి బొత్తిగా అందని తరంగాలూ ఉన్నాయి. ఉప్పల్ రోడ్డు మీదే 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. అక్కడివాళ్లు వినేది రాతిని. భూకంపంలో ముందొచ్చే పీ తరంగం ధ్వనిలాగే అనుదైర్ఘ్య తరంగం, గట్టి రాతిలో సెకనుకు ఆరు కిలోమీటర్లు పోతుంది. వెనకొచ్చే ఎస్ తరంగం తిర్యక్ తరంగం, మూడున్నర పోతుంది. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన కంపం హైదరాబాద్‌లోనూ తెలిసింది. కంపం పుట్టిన చోటు ఇక్కడికి సుమారు 210 కిలోమీటర్లు. ఆ వేగాలతో మొదటిది చేరడానికి 35 సెకన్లు, రెండోది 60. తేడా 25. లెక్క నిజంగా నడిచేది దీనికి ఎదురుదిశలో: 25 సెకన్లు మాత్రమే తెలుసు, 210 కనుక్కోవాలి. కనుక్కున్నా కంపాన్ని నమోదు చేసే ఒక కేంద్రం చెప్పేది దూరమే, దిక్కు కాదు. 210 కిలోమీటర్ల వృత్తం మీద ములుగు ఎంతో మరో వెయ్యి చోట్లూ అంతే. రెండో కేంద్రం వృత్తం దాన్ని రెండు బిందువుల దగ్గర ఖండిస్తుంది, మూడోది ఒకదాన్ని నిలబెడుతుంది. మూడు వృత్తాలూ ఒకచోట కలవకుండా మధ్యలో ఖాళీ మిగిలితే, మనం ‘ఇచ్చినది’గా తీసుకున్న ఆరూ మూడున్నరా ఆ దారిలోని రాతికి సరిపోలేదని, లేదా కంపం మనం అనుకున్నంత పైన పుట్టలేదని అర్థం. అప్పుడు మళ్లీ లెక్క మొదటి వరుసకు వెళ్లాలి.