పేరు పెట్టి పిలుచు పరీక్ష: ఎల్.డి.టి.పి. పద్ధతిపై ఒక విమర్శ

కంప్యూటరు తెరపై కనుపించు బటనులు, పట్టికలు, వ్రాతగడులు సరిగా పనిచేయుచున్నవో లేదో చూచుట విసుగు పుట్టించు పని. ఒక ప్రోగ్రాములో చిన్న మార్పు చేసిన ప్రతిసారి, మార్చని భాగములు కూడ చెడలేదని రూఢి చేసికొనవలెను. వందలాది బటనులను మనుష్యుడే ప్రతిదినము నొక్కుచు కూర్చుండినచో, మూడవ నాటికే కన్ను అలసి తప్పు కంటబడకుండ జారిపోవును. అందుచే ఈ పనిని మరొక ప్రోగ్రామునకు అప్పగింపవలెనను కోరిక సహజము. ఆ కోరికను తీర్చుటకు మన పొరుగుననే పుట్టిన సాధనము లినక్స్ డెస్క్‌టాప్ టెస్టింగ్ ప్రాజెక్టు, సంగ్రహముగ ఎల్.డి.టి.పి.

చిలమత్తూరు మండలములోని కొడికొండ చెక్‌పోస్టు దాటి జాతీయ రహదారిపై దక్షిణముగ సుమారు నూరు కిలోమీటర్లు పోయినచో బెంగుళూరు చేరవచ్చును. ఆ నగరమందలి నోవెల్ సంస్థ ఇంజనీర్లు 2005 ప్రాంతమున దీనిని రూపొందించిరి. నాగప్పన్ అళగప్పన్ దీనిని చాలకాలము నడపిరి. ఇది ఎవరైనను చదివి మార్చుకొనదగిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు. తరువాత ఇది పైథాన్ భాషలో తిరిగి వ్రాయబడినది. విండోసు, మ్యాక్ యంత్రములకును దీని రూపములు వచ్చినవి. రెడ్‌హ్యాట్ వారి డాగ్‌టెయిల్ దీనికి సమకాలికము. ఎల్.డి.టి.పి. అభివృద్ధి పూర్వపు వేగముతో లేకపోయినను, దాని వెనుకనున్న ఆలోచన పాతబడలేదు. ఆ ఆలోచనలోని గుణమును, దోషమును విడదీసి చూచుట అవసరము.

అంతకు ముందు వాడుకలోనున్న పద్ధతి స్థానముపై ఆధారపడినది. తెర ఎడమ అంచునుండి 400 చుక్కలు, పై అంచునుండి 250 చుక్కలు కొలిచి, అక్కడ మౌసు నొక్కుమని పరీక్షా ప్రోగ్రామునకు చెప్పుదురు. ఇది ఊరికి క్రొత్తగా వచ్చినవానికి, నలుబది అడుగులు నడచి కుడివైపు తలుపు తట్టుమని చెప్పుట వంటిది. ఇంటిముందు అరుగు పెరిగినను, దారి మారినను, వాడు పొరుగింటి తలుపు తట్టును. అక్షరముల పరిమాణము పెంచినను, తెర మార్చినను ఇట్టి పరీక్ష విఫలమగును. ప్రోగ్రాములో దోషమేమియు ఉండదు, పరీక్షయే తప్పు.

ఎల్.డి.టి.పి. ఈ చిక్కును తప్పించుకొన్న విధము చమత్కారమైనది. చూపులేనివారు కంప్యూటరును వాడుకొనుటకై, తెరపైనున్న ప్రతి వస్తువును గూర్చి ప్రోగ్రాము తనంత తానుగా చెప్పుకొను ఏర్పాటొకటి కలదు. దీనినే ఆక్సెసిబిలిటీ, అనగా అందుబాటు సౌకర్యము, అందురు. మైక్రోసాఫ్ట్ వారు విండోసునకు ఇట్టి ఏర్పాటును 1997లో ఇచ్చిరి. లినక్స్‌లోని గ్నోమ్ డెస్క్‌టాప్‌నకు ఏటీ-ఎస్‌పీఐ అను ఏర్పాటు కలదు. దీని ప్రకారము ప్రతి విండో ఒక వృక్షము వలె ఉండును. విండో కాండము, పట్టికలు కొమ్మలు, బటనులు ఆకులు. ఒక్కొక్క ఆకు తాను ఏ జాతిదో, తన పేరేమో, ఏ స్థితిలోనున్నదో, తనపై ఏ పని చేయవచ్చునో అడిగినవారికి చెప్పును. ఒర్కా, ఎన్.వి.డి.ఏ. వంటి తెర చదువరులు ఈ సమాచారమునే గ్రహించి, "సేవ్, బటను" అని చదివి వినిపించును.

అంధునికి చెప్పు మాటను పరీక్షా ప్రోగ్రాము కూడ వినవచ్చును గదా! ఇదియే ఎల్.డి.టి.పి.కి మూలసూత్రము. విండో పేరు, బటను పేరు ఇచ్చి నొక్కుమనిన చాలును. బటను ఎడమనుండి కుడికి మారినను పరీక్ష చెడదు. ఇంటిని అడుగులతో కొలువక, యజమానిని పేరు పెట్టి పిలుచుట వంటిదిది. వికలాంగులకై ఏర్పడిన ద్వారము అందరికిని ఉపయోగపడుటకు ఇది మంచి ఉదాహరణము. అంతేకాక, పరీక్ష జరుగవలెనన్న బటనులకు పేర్లు ఉండవలెను. ఆ పేర్లే అంధునికిని వినబడును. ఒక్క శ్రమకు రెండు ఫలములు.

ఈ రెండవ ఫలము నిజముగ చేతికందుచున్నదా? విమర్శకు ముఖ్యస్థానమిదియే.

మొదటి దోషము పేరులేని వస్తువుల విషయమునది. బొమ్మ మాత్రమే వేసి పేరు పెట్టని బటను ఎదురైనప్పుడు ఎల్.డి.టి.పి. ఆగిపోదు. దానికి వరుస సంఖ్యను తగిలించి, మొదటి బటను, రెండవ బటను అని పిలుచుకొని పని గడుపుకొనును. పరీక్ష వ్రాయువానికి ఇది సౌకర్యమే. కాని ఆ బటను వద్దకు వచ్చిన అంధునికి "బటను" అను ఒక్క మాట తప్ప ఏమియు వినబడదు. అది దాచునదో చెరపునదో అతనికి తెలియదు. ఎక్కడ పరీక్ష విఫలమై లోపమును చాటవలెనో, అచ్చటనే సఫలమైనదని చెప్పి లోపమును కప్పిపుచ్చుచున్నది.

రెండవది భాష చిక్కు. ఇంగ్లీషు పేరుతో వ్రాసిన పరీక్ష, డెస్క్‌టాప్‌ను తెలుగులోనికి మార్చగనే బటనును కనుగొనలేదు. ఏలయనగా పేరు "భద్రపరుచు" అని మారియుండును. ఫలితముగ పరీక్షలన్నియు ఇంగ్లీషులోనే జరిపి, తెలుగు రూపమును దాని ఖర్మకు వదలివేయు ప్రమాదము కలదు. 2006లో విండోస్ విస్టాతో వచ్చిన యూఐ ఆటోమేషన్ ఏర్పాటులో దీనికొక మందు కలదు. ప్రతి వస్తువునకు భాషతో మారని గుర్తింపు సంకేతమును అందు ఇయ్యవచ్చును. కాని మందునకును ఒక వికారము ఉన్నది. సంకేతముతోనే పని గడచినప్పుడు పేరు ఉన్నదో లేదో చూచు వాడెవ్వడు? కావున సంకేతముతో వస్తువును వెదకి, దొరికిన తరువాత దాని పేరును విడిగా పరీక్షించుటయే సరియైన మార్గము.

మూడవ దోషము మరింత లోతైనది. లేపాక్షి ఆలయమందలి వ్రేలాడు స్తంభము క్రింద సందర్శకులు వస్త్రమును దూర్చి, ఇవతలినుండి అవతలికి లాగి చూతురు. స్తంభము క్రింద ఖాళీ ఉన్నదని దానివలన తెలియును. పైకప్పు బరువును ఏ స్తంభము ఎంత మోయుచున్నదో తెలియదు. అడిగిన ప్రశ్నకే పరీక్ష జవాబిచ్చును. ఎల్.డి.టి.పి. అడుగు ప్రశ్న, ప్రోగ్రాము తన వృక్షములో ఏమని చెప్పుకొన్నదనునదే. బటనును మరొక విండో కప్పివేసినను, తెల్లని నేలపై తెల్లని అక్షరములు పడినను, తెలుగు వత్తులు విడిపోయి గజిబిజిగ కనుపించినను, వృక్షములో అంతయు సక్రమముగనే ఉండును. చూపున్నవాడు చదువలేని తెరకు సైతము పరీక్ష "సరి" అను ముద్ర వేయగలదు.

అంధుని పక్షమునను ఇదే చిక్కు. పరీక్షా ప్రోగ్రాము వస్తువును వృక్షములో సూటిగ పట్టుకొని, నొక్కుడు పనిని జరుపుమని ఆజ్ఞాపించును. అంధుడు సాధారణముగ కీబోర్డుపై ట్యాబ్ మీటను నొక్కుచు ఒక్కొక్క వస్తువును దాటి అచ్చటికి చేరవలెను. దారిలో ట్యాబ్ ఒక గడిలో చిక్కుపడినను, బటనును దాటవేసినను అతడు చేరలేడు. పరీక్ష మాత్రము చేరును. తలుపు తెరచుకొనుచున్నదని నిరూపించుటవలన దారి ఉన్నదని నిరూపించినట్లు కాదు.

ఇది ఇంజనీర్ల సొంత తగవు కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున 2.68 కోట్ల వికలాంగులు కలరు. అందు చూపునకు సంబంధించిన లోపము గలవారు సుమారు 50 లక్షలు. 2016 వికలాంగుల హక్కుల చట్టము సమాచార సాధనములు వారికి అందుబాటులో ఉండవలెనని విధించినది. నేడు పరీక్షలు, ఉద్యోగ దరఖాస్తులు అనేకము కంప్యూటరు తెరపైననే జరుగుచున్నవి. అట్టి తెరపై పేరులేని బటను ఒక విద్యార్థికి ఒక సంవత్సరము నష్టపరుపగలదు. "అన్ని పరీక్షలును నెగ్గినవి" అను నివేదికను చూచి అధికారులు తృప్తిపడినచో, ఆ నష్టము ఎవరి లెక్కలోను చేరదు.

అట్లని ఈ పద్ధతిని త్రోసిపుచ్చుట న్యాయము కాదు. స్థానమును కొలుచు పద్ధతికంటె పేరు పెట్టి పిలుచు పద్ధతి అన్ని విధముల మేలు. కావలసినవి మూడు సవరణలు. పేరులేని వస్తువు కనబడినంతనే పరీక్ష విఫలము కావలెను. అన్ని భాషారూపములలోను అదే పరీక్ష జరుగవలెను. కీబోర్డు దారిని విడిగా నడచి చూడవలెను. ఇవి చేసిన పిమ్మట కూడ చూపులేని మనుష్యుడు ఒకసారి వాడి చూచి చెప్పు మాటకు ఏ యంత్రమును సాటిరాదు.

పాఠశాలలో కంప్యూటరు ఉన్నచో ఉపాధ్యాయులు దీనిని తేలికగా ప్రదర్శింపవచ్చును. విండోసులో నేరేటర్ అను తెర చదువరి ముందే అమర్చబడియుండును. కంట్రోల్, విండోస్, ఎంటర్ మీటలను కలిపి నొక్కిన అది పలుకును. తెరను గుడ్డతో కప్పి, మౌసును ప్రక్కనుంచి, ట్యాబ్ మీట సాయముతో ఒక ఉత్తరము వ్రాసి దాచుమని విద్యార్థులకు చెప్పవలెను. ఎన్ని బటనులు పేరు చెప్పినవి, ఎన్ని మూగవోయినవి అను లెక్కను పట్టికగా వ్రాసికొనవలెను. ఒక ప్రోగ్రామును మెచ్చుకొనుటకు గాని, తప్పుపట్టుటకు గాని ఆ పట్టికకంటె గట్టి సాక్ష్యము అక్కరలేదు.