పులిసిన తేనీరు, మేనత్త శంకలు

కొంబుచా యను పులిసిన తేనీరు నేడు మన నగరములలోని పెద్ద అంగళ్ళ ఫ్రిజ్జులలో సీసాలుగా కనబడుచున్నది. సీసాపై అచ్చువేసిన చీటీని చూచి నిస్సంశయముగా కొని త్రాగు పెద్దలే, అదే పానీయమును ఇంటిలో కుమారుడో కోడలో గాజు జాడీలో పులియవేసినప్పుడు, తేనీటిపై తేలు గోధుమవన్నె బిళ్ళను కాంచి వెనుకకు జంకుదురు. ఆ జంకును ముసలితనపు చాదస్తముగా నెంచి నవ్వి త్రోసివేయు యువజనులను పెక్కుమందిని ఎరుగుదును. నా మతమున ఆ శంకయే యీ విద్యకు మొట్టమొదటి పనిముట్టు. శంకలేనివాని జాడీలోని నీటిని నేనైనను ముట్టను.

మా మేనత్త గోదావరి సీమ ఇల్లాలు. ఆమె వేసవికి మా యింటికి వచ్చినప్పుడెల్ల వంటింటి పెత్తనము ఆమెకు సంక్రమించుట మా కుటుంబమున అలిఖిత శాసనము. ఆ జాడీ కంటబడినప్పుడు ఆమె యడిగిన ప్రశ్నలు నాలుగు: ఇది కుళ్ళిన నీరు కాదా, దీనిని త్రాగి చచ్చినవారు లేరా, ఇంత శ్రమపడి త్రాగినందువలన ఒరుగునదేమి, ఇది కల్లువంటిదే కాదా. "పిల్లలున్న ఇల్లురా ఇది, పాచిపట్టిన నీళ్ళు గట్టుమీద పెట్టుకుంటావా?" అని ముక్తాయింపు. వీనిలో తెలివితక్కువ ప్రశ్న యొక్కటియు లేదు. నోటిమాటతో ధైర్యము చెప్పి తప్పించుకొనుటకు వీలైనదియు లేదు.

ముందుగా ఆ బిళ్ళ సంగతి. చూపునకు పుట్టగొడుగును తలపించుటచే పూర్వము దానిని శిలీంధ్రమనియే తలచిరి. 1913లో గుస్తావ్ లిండౌ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఆ వర్గముననే దానికొక నామకరణము కూడ చేసెను. నిజమునకు అది పుట్టగొడుగును కాదు, పాచియు కాదు. పంచదారను భుజించి మద్యసారమును, బొగ్గుపులుసు వాయువును విడుచు ఈస్టు కణములును, ఆ మద్యసారమును ప్రాణవాయువు సాయమున ఎసిటిక్ ఆమ్లముగా, అనగా వెనిగరులోని పులుపుగా, మార్చు బ్యాక్టీరియాయు కలసి చేయు కాపురమది. ఆ బ్యాక్టీరియాలో నొక జాతి గాలికి చేరువగా నుండుటకై సెల్యులోజు దారములను అల్లి నీటిపై పొరగా పరచుకొనును; పత్తిలోని పదార్థమే యది. వెనిగరుపై నేర్పడు అట్టి పొర సెల్యులోజేయని 1886లోనే ఏ. జె. బ్రౌన్ అను ఆంగ్ల రసాయనవేత్త ప్రకటించియుండెను. ఇక చైనా చక్రవర్తులు దీనిని అమృతముగా సేవించిరను కథలు సీసాల చీటీలపై విరివిగా కనబడును గాని, వానిని నేను లెక్కలోనికి తీసికొనను. మంచూరియా, రష్యా ప్రాంతములలో వాడుకలో నుండి, ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో జర్మనీ మొదలగు దేశములకు ప్రాకెనన్నంతవరకు నమ్మదగియున్నది.

ఈ పాండిత్యము మా మేనత్తకు పట్టలేదు. పట్టినది తరవాణి ప్రసక్తి. ఆమె యత్తవారింట వంటింటి మూలను తరవాణి కుండ యుండెడిది. దినదినము అన్నము వార్చిన గంజి అందులో చేరుచుండెడిది. పులిసిన తేట చల్దియన్నములోనికి, నిమ్మాకు నలిపి ఉప్పు వేసికొని త్రాగుటకును వచ్చుచుండెడిది. కుండ మాత్రము ఎన్నడును పూర్తిగా ఖాళీ యగుటకు వీలులేదు. క్రొత్త కుండ పెట్టునప్పుడు పాత తరవాణి చెంబెడు ఎందుకు పోయుదురని అడిగితిని. "పోయకపోతే పులుపు తిరగదురా, కంపు కొడుతుంది," అని ఆమె, ఇంతమాత్రము తెలియదా యన్నట్లు, నా మొగము చూచినది.

కుళ్ళుటకును పులియుటకును గల భేదమంతయు ఆ యొక్క మాటలో నున్నది. అన్నపు గంజిగాని, తియ్యని తేనీరుగాని, దిక్కులేక విడిచినయెడల గాలిలోని యే జీవి ముందు చేరినను దానిదే రాజ్యము. మునుపటి పులుపును తోడుగా పోసినప్పుడు, మంచి జీవులు వేలకువేలుగా ముందే చేరుట యొక లాభము. ఆ నీరు తొలి గడియనుండియే పుల్లబడి, హానికర జీవులకు కాలుమోపుటకు చోటు లేకపోవుట అంతకుమించిన లాభము. తరవాణిలో ఆ కాపలా ముఖ్యముగా లాక్టిక్ ఆమ్లమునది, కొంబుచాలో ఎసిటిక్, గ్లూకోనిక్ ఆమ్లములది. పులుపును కొలుచుటకు పి.హెచ్. అను మానము కలదు. మంచినీటికి అది 7, పులుపు పెరిగినకొలది అంకె తగ్గును. 4.6కు దిగువ బోట్యులిజమను ప్రాణాంతక వ్యాధికి మూలమైన జీవి పెరుగజాలదు. చక్కగా పులిసిన కొంబుచా 3కు అటునిటు నుండును, 2.5కు దిగజారినది గొంతును, కడుపును మండించునుగావున త్రాగరాదు. ఏడు దినములు గడచినను 4.2కు రాని జాడీని మొగమోటపడక పారబోయవలెను. మందుల అంగడిలో దొరకు పి.హెచ్. కాగితపు ముక్కను ముంచి రంగు చూచిన చాలును. ఆ రంగు మారుట స్వయముగా చూచిన పిమ్మట మేనత్త గొంతులో కాఠిన్యము కొంత సడలినది. నేను చేసిన ఉపన్యాసములేవియు ఆ పని చేయలేకపోయినవి.

చేయు విధానము క్లిష్టమైనది కాదు గాని, క్రమము తప్పరాదు. లీటరు నీటిని సళసళ కాగనిచ్చి, రెండు మూడు చెంచాల ఉత్త టీపొడిని వేసి మూతపెట్టి, పది నిముషములకు వడగట్టి, డెబ్బది గ్రాముల పంచదారను అందులో కరగింపవలెను. పాలు సరేసరి, ఏలకులు, లవంగములు కూడ ఈ దశలో వలదు. సుగంధద్రవ్యముల నూనెలు ఆ జీవులకు గిట్టవు. పంచదార తగ్గించి ఆరోగ్యము పెంచుకొందమను వివేకులకు మనవి యేమనగా, అది మనకై వేయునది కాదు, వానికి వేయు మేత. తేనీరు చేతికి వెచ్చదనము తెలియనంతగా చల్లారిన పిమ్మటనే గాజు జాడీలో పోసి, మునుపటి విడతలోని పుల్లని నీటిని లీటరునకు నూరు మొదలు నూటయేబది మిల్లీలీటర్ల వరకు కలిపి, బిళ్ళను మెల్లగా జారవిడువవలెను. ఆ పుల్లని నీటిలోనే రెండు చెంచాలు మిగిల్చి చివరను బిళ్ళమీద పోయుట మంచి అలవాటు, ఏలనన బూజు పట్టునది ఎల్లప్పుడును గాలి సోకు పైభాగముననే.

తరువాత వాసెన. బిరడా బిగించిన గాలియాడక ఎసిటిక్ బ్యాక్టీరియా సొమ్మసిల్లును. పలుచని వలగుడ్డ కట్టినచో అరటిపండ్లపై ముసురు చిన్న యీగలు దూరి గ్రుడ్లు పెట్టును. కావున ఉతికి ఆరవేసిన చిక్కని నూలుగుడ్డ కావలెను. నేను తగిలించిన రబ్బరు బ్యాండును చూచి మా మేనత్త సహింపలేకపోయినది. దానిని ఊడదీసి, గుడ్డను రెండు మడతలు వేసి, జాడీ మెడచుట్టు పురికొసను మూడు చుట్లు బిగించి, ముడిని గుడ్డ యంచు క్రిందికి దోపినది. నీళ్ళచేయి, ఎంగిలిచేయి ఆ దరికి రారాదని ఇంటిల్లిపాదికి ఆజ్ఞ యిచ్చినది. ఊరగాయ మడి యనుడు, ప్రయోగశాల శుచి యనుడు, ఈ పనికి కావలసినది ఆ చేయియే.

శీతలదేశముల గ్రంథములు ఇరువదినాలుగు మొదలు ఇరువదితొమ్మిది డిగ్రీల వేడిలో ఏడు పది దినములని చెప్పును. మన వైశాఖ జ్యేష్ఠములలో నాలుగైదు దినములకే పులుపు ముదురును. మూడవనాటినుండి పొడి చెంచాతో తీసి రుచిచూచుటయే గడియారము.

నాలుగవనాటి యుదయమున "పురుగు పట్టిందిరోయ్" అని కేక. జాడీని కిటికీకడకు చేర్చి చూచితిమి. బిళ్ళక్రిందినుండి గోధుమరంగు పీచులు నీటిలో వ్రేలాడుచు, జాడీ కదలినప్పుడెల్ల మెల్లగా ఊగుచుండెను. అడుగున పలుచని మడ్డి. పైన పాత బిళ్ళయంచుననుండి క్రొత్తపొర పాలమీది మీగడవలె పలుచగా తెల్లగా పరచుకొనుచు, మధ్య మధ్య వాయువు చేరిన బుడగలతో ఉబ్బియుండెను. పీచులు ఈస్టు కణముల కుదురులు, మడ్డియు నదియే, బుడగలు వాయువు. ఇందులో భయకారణ మొక్కటియు లేదు. బూజు వేరు. అది పొడిగా, నూగునూగుగా, బిళ్ళ పైభాగముననే, గుండ్రని మచ్చలుగా లేచును; తెలుపు, ఆకుపచ్చ, నలుపు వన్నెలలో నుండును. తడిసి మెరయునది పొర, ఆరి నూగుగట్టునది బూజు. బూజు కనబడెనా, గీకి కడిగి బాగుచేయు ప్రయత్నము కూడదు. బిళ్ళ, నీరు సమస్తమును పారబోసి, జాడీని వేన్నీటితో తోమి, ఆరోగ్యమైన మరియొక జాడీనుండి తోడు తెచ్చుకొనవలెను. పొదుపరులైన ఇల్లాండ్రకు ఇది కష్టమని తోచును గాని, ఈ విషయమున పొదుపు చెల్లదు.

పాత్ర విషయమున మా మేనత్తకు చెప్పవలసిన పని లేకపోయినది. కళాయి లేని ఇత్తడిగిన్నెలో చింతపండు పులుసు కాచిన చిలుము దిగునని తెలిసినవారికి, ఆమ్లము లోహమును తినునని నేర్పనేల? ఐనను పాత పింగాణి జాడీని వాడుదమని ఆమె సూచించినప్పుడు మాత్రము నేను అంగీకరింపలేదు. కొన్ని పాత్రల మెరుగుపూతలో సీసము కలదు. అట్టి పింగాణి పాత్రలో కొంబుచాను నెలల తరబడి పులియబెట్టి త్రాగినవారికి సీసవిషము సోకినట్లు 1998లో ఆస్ట్రేలియా వైద్యపత్రికలో వెలువడినది. గాజు ఒక్కటే నిస్సందేహమైనది.

ఇక చచ్చినవారి మాట. దాచుటకు లేదు. 1995లో అమెరికాలోని అయోవా రాష్ట్రమున ఒకే ఊరికి చెందిన ఇద్దరు స్త్రీలు, కొంబుచాను దినదినము త్రాగుచు, రక్తములో ఆమ్లము మితిమీరి ఆసుపత్రి పాలైరి, ఒకామె మరణించెను. ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు విచారించి, పానీయమే కారణమని నిర్ధారింపలేకపోయిరి. ఆ తల్లిబిళ్ళనుండి పిల్లలను తీసికొని వాడిన తక్కినవారు రోగగ్రస్తులు కాలేదు. పరీక్షింపబడిన బిళ్ళలలో రోగకారక జీవులు కనబడలేదు. ఆరోగ్యవంతులు దినమునకు నాలుగు ఔన్సులు, అనగా సుమారు నూటయిరువది మిల్లీలీటర్లు, త్రాగినందువలన హాని యుండకపోవచ్చుననియు, రోగపీడితుల విషయమునను, అధికముగా త్రాగువారి విషయమునను భరోసా యీయజాలమనియు వారు వ్రాసిరి. నేను ఈ వృత్తాంతమును పూర్తిగా వినిపించితిని. దీనిని చెప్పక దాచి, పిమ్మట మనుమడి ఫోనులో ఆమె చూచియుండినచో, నా తక్కిన మాటలన్నియు ఆ క్షణముననే బూటకములై పోయియుండెడివి.

ఒరుగునదేమి యన్న ప్రశ్నకు నా సమాధానము బహుస్వల్పము. రుచి, చల్లదనము, ఎండలో తిరిగివచ్చినవానికి చిరుపులుపుతో కూడిన సేద. కీళ్ళవాతము మొదలు కేన్సరు వరకు కుదుర్చునని చాటువారు చాల మంది. మనుష్యులపై సరియైన ప్రయోగములు మిక్కిలి కొలది. చక్కెరవ్యాధి కలవారు అందు మిగిలిన పంచదారను లెక్కింపవలెను. గర్భిణులు, పసిపిల్లలు, మూత్రపిండముల జబ్బు, కాలేయపు జబ్బు కలవారు, రోగనిరోధకశక్తి సన్నగిల్లినవారు దీనిజోలికి పోకుండుటయే మేలు. టీలోని కెఫీను కూడ చాలవరకు మిగిలియే యుండును. రాత్రివేళ త్రాగి నిద్రపట్టలేదని వాపోవువారు దీనిని మరతురు.

చివరగా కల్లు. తాటికల్లు ఉదయమునకు తీయగా నుండి, సాయంకాలమునకు నిషా యెక్కి, మరునాటికి పుల్లనగుట పల్లెలలో నెరుగనివారు లేరు. ఈస్టు ముందు, ఎసిటిక్ బ్యాక్టీరియా వెనుక, అదే వరుస. కొంబుచాలో ఆ రెండు పనులు జమిలిగా నడచుచుండుటచే మద్యసారము పుట్టినది పుట్టినట్లే చాలవరకు పులుపుగా మారును, ఐనను కొంత నిలుచును. మద్యములేని పానీయమనుటకు అమెరికాలో నూటికి అరపాలు హద్దు. 2010లో అక్కడి అంగళ్ళలోని కొన్ని సీసాలు ఆ హద్దును మీరెనని అనుమానము పుట్టి, వానిని అరలనుండి దించివేసిరి. ఇంటి జాడీలో అది ఒక పాలును దాటుటయు కలదు, ముఖ్యముగా సీసాలో పోసి బిరడా బిగించి పొంగు తెప్పించునప్పుడు. గాలి లేనిచోట ఈస్టుది పైచేయి. ఆ సీసాలను వేసవిలో ఒక దినముకంటె బయట నుంచరాదు. పలుచని గాజుసీసా యొత్తిడికి పగులుటయు కద్దు. దళసరి సీసాలో మెడ దిగువన రెండంగుళములు వెలితిగా పోసి, తేదీ వ్రాసిన చీటీ అంటించి, మరునాటికి ఫ్రిజ్జులో పెట్టవలెను. నియమముచేత మద్యమును చుక్కయు ముట్టనివారికి మాత్రము ఇందులో అది లేశమైనను కలదనియే చెప్పవలెను. మా మేనత్తకు అట్లే చెప్పితిని. ఆమె త్రాగలేదు; నేను బలవంతపెట్టలేదు. జాడీ గట్టుమీదనే యున్నది.