దేవి వేషానికి వెల ఎంత?

చీరల పిచ్చి ఆడవాళ్ళకే అని ఎగతాళి చేసే మగవాళ్ళు ఈమధ్య కాస్త తగ్గారు. కారణం, వాళ్ళ కొడుకులే ఇప్పుడు బట్టలకోసం ప్రాణం పెడుతున్నారు! వాళ్ళు వేసుకునే బట్టలు కావు లెండి. కంప్యూటరు ఆటల్లో, ఫోను ఆటల్లో పరుగెత్తే బొమ్మలకు కిరీటాలూ, కోట్లూ, రెక్కలూ, బూట్లూ. వీటికి పిల్లలు పెట్టుకున్న పేరు "స్కిన్". చర్మం అన్నమాట! అది తొడిగితే బొమ్మకు బలం పెరగదు. తుపాకి గురి కుదరదు. వుత్త అలంకారం. అయినా వాటిని పోగుచేయడంలో పిల్లలకున్న శ్రద్ధ చూస్తే మన బీరువాలు సిగ్గుపడాలి.

నేను వాళ్ళను తిట్టడానికి కూర్చోలేదు. వేషం అంటే నాకూ ఇష్టమే. నాటకం చూసినట్టే ఈ వేషాలనూ చూసి, బాగోగులు చెబుదామనే నా ప్రయత్నం. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని మన పెద్దలు అభినయాన్ని నాలుగు విధాలు చేశారు. వేషమూ, నగా, రంగూ ఆహార్యం కిందికి వస్తాయి. ఆహార్యం పని ఏమిటి? పాత్ర నోరు విప్పకముందే ఆ మనిషి ఎవరో మనకు చెప్పటం. సురభి వారి నాటకంలో తెర లేవగానే కృష్ణుడెవరో పక్కవాళ్ళను అడగక్కరలేదు. అంతదూరం ఎందుకు? మా శ్రీరాంపూర్‌లో టోపీకి లైటు తగిలించుకుని, బూట్లేసుకుని బాయి దిగే మనిషిని చూడండి. ఆ లైటు అలంకారం కాదు. అది లేకపోతే లోపల అడుగు ముందుకు పడదు. వేషానికీ, మనిషికీ, పనికీ మధ్య అంత గట్టి ముడి వుంటుంది.

ఈ కొలతతో నేను చూసిన ఆట పేరు ఓవర్‌వాచ్. బ్లిజార్డ్ అనే అమెరికా కంపెనీ 2016 మే నెలలో విడుదల చేసింది. ఇందులో ఒక్కో వీరుడిదీ, వీరవనితదీ ఒక్కో దేశం, ఒక్కో కథ. వాళ్ళలో మన వైపు అమ్మాయి ఒకతె వుంది. ఆటలో పేరు సిమెట్రా, అసలు పేరు సత్యా వాస్వానీ. దక్షిణ భారతంలోని కంపెనీ మనిషికి సింధీల ఇంటిపేరు ఎలా వచ్చిందో ఆ కథకులనే అడగాలి! అది వదిలేస్తే పాత్ర మాత్రం చక్కనిది. కటిక బీదరికంలో పుట్టిన పిల్లను విష్కార్ అనే పెద్ద కంపెనీ తీసుకుపోయి చదివిస్తుంది. వెలుతురును గట్టిపరచి గోడలుగా, మేడలుగా అల్లే విద్య నేర్పుతుంది. ఒక చెయ్యి కృత్రిమమైనది. చిన్నప్పుడు నేర్చుకున్న మన నాట్యం ఆమె చేతి కదలికల్లో కనిపిస్తుంది. ఆమె ఆటిజం వున్న మనిషి అని ఆట రూపకర్తల్లో ముఖ్యుడైన జెఫ్ కప్లాన్ 2017లో చెప్పాడు కూడా.

2016లోనే ఆమె మీద ఒక చిన్న బొమ్మల కథ వచ్చింది. రియో నగరంలో పోటీ సంస్థ ఆఫీసులోకి రహస్యంగా వెళ్ళమని కంపెనీ ఆమెను పంపుతుంది. తర్వాత పేలుడు, మంటలు, బీదవాళ్ళ పేట తగలబడటం... ఒక పసిపిల్లను ఆమె మంటల్లోంచి బయటికి తెస్తుంది. నాకు అన్నం పెట్టి, చదువు చెప్పి, మనిషిని చేసిన కంపెనీ చేసేది మంచేనా? ఇదీ సత్య మనసులో పుట్టిన ప్రశ్న. కంపెనీ క్వార్టరులో కాపురం, కంపెనీ ఆస్పత్రిలో కాన్పు, షిఫ్టుల లెక్కన రోజు గడిచే మన బొగ్గుబావుల ఆడవాళ్ళకు ఈ ప్రశ్న ఎంత దగ్గరిదో వేరే చెప్పాలా? నవలకు సరిపోయే సరుకు.

మరి ఆడే పిల్లలకు ఈ సత్య తెలుసా?

మా చెల్లెలి కొడుకు ఒకనాడు తన సంపద అంతా నాకు చూపించాడు. ఒక్క సిమెట్రాకే పదకొండు వేషాలు! "గిది లెజెండరీ పెద్దమ్మా. గిప్పుడు తీస్కోకపోతే మళ్ళ ఎప్పుడొస్తదో తెల్వది" అన్నాడు, కళ్ళు మెరుస్తుండగా. అన్నీ చూసి, "సత్య కథ నీకు తెలుసురా?" అన్నాను.

"ఏ సత్య పెద్దమ్మా?" అన్నాడు.

పదకొండు వేషాలు కొని, వేసుకున్న మనిషి పేరు తెలుసుకోలేదు! తప్పు వాడిదా అంటే నేనొప్పుకోను. ఆ అంగడి కట్టుబడే అలాంటిది.

సిమెట్రా వేషాల్లో "దేవి" అనేది ఒకటి వుంది. అమ్మవారిని తలపించే అలంకారం. దాన్ని తీసేయాలని 2016లో అమెరికాలోని హిందూ నాయకుడు రాజన్ జెడ్ కోరాడు. కంపెనీ తీయలేదు. నా అభ్యంతరం వేరు. మన నాటకాల్లో, సినిమాల్లో మామూలు మనుషులు దేవుడి వేషం కట్టలేదా? కట్టారు, మనం దణ్ణాలు కూడా పెట్టాం. కానీ అక్కడ వేషంతో పాటు పద్యం వచ్చేది, కథ వచ్చేది. ఇక్కడ దేవి వస్తుంది, కథ రాదు. సత్య ఎందుకు దేవి అయింది? ఎవరిమీద కోపం? కంపెనీ మీదా? జవాబు లేదు. ఆ వేషమూ మిగతా వాటి పక్కనే వరసలో నిలబడుతుంది. దేవుణ్ణి అవమానించారని కాదు, పాత్రను గాలికి వదిలేశారని నా బాధ.

ఇక అమ్మే పద్ధతి చూడండి. మొదట్లో వేషానికి వెల వుండేది కాదు, పెట్టెకు వుండేది. మూసిన పెట్టె కొనాలి, తెరిస్తే నాలుగు వస్తువులు. ఏవి వస్తాయో అదృష్టం. ఉన్నదే మళ్ళీ వస్తే చిల్లర చేతిలో పెడతారు. 2016 ఆగస్టులో వచ్చిన క్రీడోత్సవం వేషాలైతే కూడబెట్టిన నాణేలతో కొనటానికి కూడా వీల్లేదు, పెట్టెలో రావలసిందే. అదీ మూడు వారాల గడువులో! ఏ పెట్టెలో ఏది వచ్చే అవకాశం ఎంతో చెప్పి తీరాలని చైనా ప్రభుత్వం 2017లో పట్టుబడితే అసలు లెక్క బయటపడింది. సగటున పదమూడు, పద్నాలుగు పెట్టెలకు ఒక్క లెజెండరీ వేషం. 2018 ఏప్రిల్‌లో బెల్జియం అధికారులు ఇది జూదమేనని తేల్చారు. ఆ ఆగస్టునుంచి ఆ దేశంలో పెట్టెల అమ్మకం ఆగింది. 2022 అక్టోబరులో ఆట రెండో రూపం వచ్చినప్పుడు పెట్టెలు తీసేసి వెల కట్టారు. ఒక లెజెండరీ వేషం దాదాపు 20 డాలర్లు. మన డబ్బులో పదిహేను వందల పైమాటే! 2025లో పెట్టెలు మళ్ళీ వచ్చాయి, ఈసారి ఆడి సంపాదించుకునేవిగా.

అంతా ఇంతేనా అంటే కాదు. 2018 మే నెలలో మెర్సీ అనే వైద్యురాలి పాత్రకు గులాబి రంగు వేషం ఒకటి పెట్టారు. వెల 15 డాలర్లు. పెట్టె లేదు, లాటరీ లేదు. వచ్చిన డబ్బు రొమ్ము కాన్సరు పరిశోధనకు. ఒక కోటి ఇరవై ఏడు లక్షల డాలర్లు పోగయ్యాయి! గాయాలు మాన్పే మనిషి, ఆడవాళ్ళ జబ్బు, ఆ జబ్బుకు గుర్తయిన రంగు. వేషమూ, పాత్రా, ప్రయోజనమూ మూడూ కలిసిన చోటు అది. దానికీ గడువు పెట్టారు, నిజమే. అయినా తలుచుకుంటే ఈ కళాకారులు ఏం చేయగలరో అది చూపించింది. అందుకే మిగతావి చూస్తే మరీ కోపం వస్తుంది.

"మనమూ కట్టని చీరలు దాచుకోమా?" అంటారేమో. దాచుకుంటాం. కానీ లాభాల వాటా వచ్చిన దసరాకి కొన్న చీర, పురిటికి అమ్మ పెట్టిన చీర, ఒక్కోదాని చరిత్ర చెప్పమంటే పొద్దు గూకుతుంది. పైగా ఆ బీరువా తాళం మన నడుముకే వుంటుంది. కూతురికి ఇస్తాం, కోడలికి ఇస్తాం, చివరికి బొంతైనా కుట్టుకుంటాం. పిల్లవాడి వేషాల బీరువా తాళం మాత్రం కంపెనీ దగ్గరే. 2022లో పాత ఆట మూసినప్పుడు వేషాలను కొత్త ఆటలోకి చేర్చారు, సంతోషం. చేర్చకపోతే వాడు ఏ గుమ్మం ముందు నిలబడాలి?

కాబట్టి పిల్లవాడు వచ్చి వేషానికి డబ్బు అడిగితే వెంటనే కసురుకోకండి. ఎంత అని కూడా ముందే అడక్కండి. ఆ వేసుకునే మనిషి ఎవరు, ఎక్కడ పుట్టింది, ఏం పోగొట్టుకుంది, ఎవరితో ఎందుకు పోరాడుతోంది, కూర్చుని చెప్పమనండి. చెప్పగలిగితే వెల సంగతి తర్వాత మాట్లాడుకోవచ్చు. చెప్పలేకపోతే ముందు ఆ కథ చదువుకు రమ్మనండి. దానికి డబ్బు అక్కరలేదు.